నెత్తురు కక్కిన జెండా

ధవళాద్రి కోట కింద శంఖిని నది వంపు తిరిగే చోట పన్నెండు ఉతుకుబండలు ఉన్నాయి. ఏడు తరాల చేతులు, ఏడు తరాల బట్టలు వాటిని అరగదీసి అద్దాల్లా చేశాయి. పొద్దు పొడిస్తే పన్నెండు బండల మీద పన్నెండు మంది సూర్యులు కనిపిస్తారు. ఒడ్డున వెదురు దండేల మీద గంజి పెట్టిన చీరలు గాలికి ఉబ్బి, తెరచాపలెత్తిన ఓడల బారులా ఊగుతాయి. బట్టలు ఉడికించే చాకిబానల్లోంచి లేచిన ఆవిరి కుంకుడు వాసనతో కొండ నడుము దాకా పాకుతుంది. ఆ రేవు అందం చూడడానికి ఎన్నో దేశాల కవులు వచ్చేవారు. వచ్చినవాళ్ళలో ఒక్కడూ ఒక్క బట్ట పిండలేదు.

వైశాఖ పున్నమి నాటి ఉదయం, ఆ రేవులో పదకొండో బండ దగ్గర, యువరాజు శరభాంకుడు తిట్లు తింటున్నాడు.

"ఒరే శరభా, బానలో ఎన్ని బట్టలు కుక్కావురా?"

"నలభై, అవ్వా."

"పట్టేవి ఎన్ని?"

"పాతిక."

"మిగతా పదిహేనూ నీ నెత్తిన పెట్టుకో. ఊపిరాడని చోట మనిషే చస్తాడు, మురికెట్టా కదులుద్దిరా? బట్ట చుట్టూ నీళ్ళు తిరగాలి. ఇది ఉతుకు. ఊరగాయ జాడీ కాదు."

తిడుతున్నది రేవు పెద్ద ముత్తెవ్వ. డెబ్బై ఏళ్ళ మనిషి, చింతబరికెలా సన్నగా, గట్టిగా ఉంటుంది. పక్క బండ మీద పని ఆపి నవ్వుతున్నది ఆమె మనవరాలు చెంగల్వ. నలభై రోజుల కిందట శరభాంకుడు గడ్డం పెంచి, తలకు పాత గుడ్డ చుట్టి, కూలి పని కావాలంటూ ఈ రేవుకు వచ్చాడు. తనను ఎవరూ పోల్చలేదని ఇప్పటికీ నమ్ముతున్నాడు. రాజకుమారులకు ఆ నమ్మకం ఎక్కువ.

మారువేషం ఎందుకంటే, కనిపిస్తే తల తీస్తారు గనక.

ధవళాద్రికి ఒక శాసనం ఉంది. కోట బురుజు మీది కొండదేవత జెండాను ఏటా వైశాఖ పున్నమి నాడు దింపాలి. పసుపునీళ్ళలో ముంచి మంగళస్నానం చేయించాలి. తర్వాత ఉతికి, పొద్దు కుంకేలోపు తెల్లగా ఎగరేయాలి. వరుసగా మూడేళ్ళు అది తెల్లబడకపోతే రాజు కట్టుబట్టతో కోట దిగి పాముల అడవిలోకి నడిచిపోవాలి. సింహాసనం రాజగురువుది అవుతుంది. ఏడు తరాలుగా ముత్తెవ్వ ఇంటివాళ్ళు ఆ జెండాను ఉతికారు. ఏడు తరాలుగా అది మల్లెపూవులా ఎగిరింది. ఎలా ఉతుకుతున్నారని కోటలో ఒక్కరూ అడగలేదు.

మూడేళ్ళ కిందట కంకాళుడనే మాంత్రికుడు వచ్చి రాజగురువయ్యాడు. రేవు చేతులు దేవత జెండాను తాకరాదని, తానే ఉతుకుతానని అన్నాడు. మొదటి ఏడు సభ నడుమ అతడు మంత్రజలం పోయగానే జెండా నెత్తురు కక్కింది. రెండో ఏడూ కక్కింది. యువరాజు పాపమే కారణమని కంకాళుడు తేల్చాడు. రాజు ధవళసేనుడు కొడుకును దేశం నుంచి వెళ్ళగొట్టాడు.

ఇవాళ మూడో ఏడు. మిట్టమధ్యాహ్నం జెండా దింపుతారు. దాని నెత్తుటి గుట్టు ఏమిటో శరభాంకుడికి ఇంకా తెలియదు. తండ్రికి మిగిలింది ఒక్క పూట.

"పదిహేనూ తీశావా? ఇప్పుడు పట్టు వేరు, నూలు వేరు చెయ్యి. పట్టుకు కుంకుడు రసం. ముతకకు చౌడు. ఈ పూట నీ చేత్తో నువ్వే చెయ్యి. నేను చెప్పను," అంది అవ్వ.

చౌడంటే కొండమీద దొరికే ఉప్పుమట్టి. దాని తేట నీళ్ళలో నానితే ఎంత జిడ్డయినా వదిలిపోతుంది. శరభాంకుడు మూటలు విప్పాడు. ఒక మూటలో పెళ్ళివారి పంచెలు ఉన్నాయి. నలుగు పెట్టినప్పుడు అంటిన పసుపుతో బంగారు రంగులో మెరుస్తున్నాయి. మురికిగా ఉన్నవన్నీ చౌడుకే అనుకున్నాడు. తీసి చౌడు తొట్టిలో వేశాడు.

తొట్టి ఎర్రబడింది.

పంచె ఎర్రబడింది. అతడి చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. శరభాంకుడు వెనక్కి పడ్డాడు.

"అవ్వా, ఇక్కడికీ వచ్చింది. దేవత కోపం ఇక్కడికీ వచ్చింది. నెత్తురు."

చెంగల్వ తొట్టిలోకి తొంగి చూసింది. తర్వాత ఇసుకలో కూలబడి నవ్వింది. "నెత్తురంట. అవ్వా, పెళ్ళికొడుకు పంచెను పొడిచి చంపాడంట."

ముత్తెవ్వ నవ్వలేదు. పంచె ఒక మూల పట్టి పైకెత్తింది. "పసుపు గుడ్డ చౌడులో పడితే ఎర్రగా కాక పచ్చగా ఉంటదా? నిమ్మకాయ పిండు, మళ్ళీ పసుపు అవుద్ది. ఎండలో పడెయ్యి, ఆ పసుపూ పోద్ది. అందుకే మా ఇంట పసుపు గుడ్డకు ముందు ఎండ, తర్వాత చన్నీళ్ళు, ఆఖర్న చౌడు." ఆమె చూపు కోట వైపు తిరిగింది. "ఒరే, ఆ సభలో నువ్వున్నావుగా. జెండాను పసుపులో ముంచాక ఎండేశాడా ఆ గురువు?"

"లేదు. ముంచగానే మంత్రజలం పోశాడు." అప్పుడు శరభాంకుడికి చురుక్కుమంది. "నేను సభలో ఉన్నానని నీకెవరు చెప్పారు?"

"నీ పొత్తిగుడ్డల కాణ్ణుంచి నేనే ఉతికానురా. చెమట వాసన బట్టి మనిషిని చెబుతాను. రేవులో రాజులూ లేరు, రాకుమారులూ లేరు గనక ఒరే అంటన్నాను. కోపమా?"

"లేదు."

"వచ్చినా నాకేం. మాకేమో జెండా నెత్తురు కక్కిందని కబురొచ్చింది. మంత్రగాడు గదా, మంత్రమే వేసుంటాడనుకున్నాం. పచ్చి పసుపు గుడ్డను చౌడులో ముంచే వాడు లోకంలో ఉంటాడనుకోలేదు. ఇవాళ ఇద్దరు తేలారు."

చెంగల్వ అప్పటికే నిమ్మకాయల బుట్ట ఎత్తుకుంది. గాడిద మీద రాణివాసం చీరల మూట వేసి, దానిమీద చౌడు సంచి పడేసింది. ఆ గాడిద పేరు రంభ. చౌడు మట్టి నాకడమంటే దానికి ప్రాణం. ఆమడ దూరంలో చౌడున్నా ముక్కు అటే తిరుగుతుంది.

రాయబారిని ఆపే కోటలు ఉన్నాయి. మాసిన బట్టల మూటను, ఉతికిన బట్టల మూటను ఆపే కోట లేదు. నలుగురూ, గాడిదతో కలిపి, తిన్నగా సభా ప్రాంగణంలోకి నడిచారు.

ఆ ప్రాంగణానికి నూటెనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభం మీద ఒక్కో ఏనుగు పద్మం ఎత్తి నిలబడి ఉంటుంది. నడుమ వెండి గంగాళం, గంగాళం పక్కన కంకాళుడు. అతడి జడలు ఏడు పాయలుగా మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. ప్రతి పాయలోనూ ఒక మంత్రం ముడివేసి ఉంది. అతడి కళ్ళు ఆరిపోతున్న కుంపట్లలా ఉన్నాయి. వాళ్ళు వచ్చేసరికే పని జరిగిపోయింది. పసుపు స్నానం చేసిన జెండా గంగాళంలో ఎర్రగా తేలుతోంది. రాణులు ముఖాలు కప్పుకున్నారు. ధవళసేన మహారాజు కిరీటం తీసి మెట్టు మీద పెట్టాడు.

"మహారాజా, ఒక్క మాట," అంది ముత్తెవ్వ.

కంకాళుడు కళ్ళెర్రజేశాడు. "రేవు వాళ్ళకు ఇక్కడేం పని?"

"ఉతుకు ఉన్న చోట రేవు వాళ్ళకే పని సామీ. నువ్వే దారి తప్పి వచ్చావు." ఆమె గంగాళంలో రెండు వేళ్ళు ముంచి రాసి చూసింది. "జారుతోంది. మంత్రజలం కాదు మహారాజా, చౌడు తేట. మా గాడిద మోసుకొచ్చేదే."

"దేవతా రక్తాన్ని చౌడంటావా?"

ముత్తెవ్వ మంత్రి గుణనిధి దగ్గరికి వెళ్ళింది. అతడి తెల్లని ఉత్తరీయం మీద పొద్దుటి పులిహోర మరక ఉంది. గంగాళం నీళ్ళు దోసిట్లో తెచ్చి దానిమీద పోసింది. మరక నెత్తుటి చుక్కలా ఎర్రబడింది.

"దేవత మంత్రిగారి మీద కూడా అలిగింది," అంది చెంగల్వ. "పులిహోర తిన్నందుకు."

సభ నవ్వింది. రెండేళ్ళుగా నవ్వని రాజు కూడా నవ్వాడు. పసుపు ఎర్రబడుతుందని ఆ నూటెనిమిది స్తంభాల నడుమ ఒక్కరికీ తెలియకపోవడం వింత కాదు. వాళ్ళ బట్ట మీద పసుపు పడితే వాళ్ళు బట్ట మార్చుకుంటారు. తర్వాత దాని గతి ఎవరూ అడగరు.

ముత్తెవ్వ ముప్పై నిమ్మకాయలు పిండింది. ఎరుపు విరిగి పసుపు తేలింది. "ఇక ఎండ చాలు. పొద్దు కుంకేలోపు మల్లెపూవు చేస్తాను."

"పట్టుకోండి వాణ్ణి," అన్నాడు రాజు గురువును చూపి. భటులు కదలలేదు. వాళ్ళ జీతం రాజుది, భయం గురువుది.

కంకాళుడు తాపీగా ఒక జడ పాయ విప్పాడు. "శాసనం మోసాన్ని అడగదు రాజా. తెలుపును అడుగుతుంది. ఎండ కావాలన్నారుగా. వెతుక్కోండి."

విప్పిన పాయలోంచి నల్లని పొగ లేచి, గొడుగులా విచ్చుకుని, మేఘమై కోటనూ ఊరినీ నదినీ కప్పేసింది. వైశాఖం ఒక్క ఊపిరిలో శ్రావణమైంది.

శరభాంకుడు తల ఎత్తి చూశాడు. కోట వెనక సూదికొండ నిటారుగా లేచి, మేఘాన్ని పొడిచి, పైకి వెళ్ళిపోయింది. దాని కొన మీద ఎండ ఉంటుంది. "అక్కడికి దారి ఉందా?"

"చౌడు తెచ్చుకునే దారుంది," అంది చెంగల్వ. "గుర్రం ఎక్కలేదు. రంభ ఎక్కుద్ది."

తడి జెండా రంభ మీద పడింది. చెంగల్వ తోక పట్టింది, శరభాంకుడు మూట పట్టాడు. వెనక నుంచి కంకాళుడి గొంతు వినిపించింది. పరిగెత్తే శరభాంకుడి తలగుడ్డ మెడలోకి జారింది, మాంత్రికుడు పోల్చుకున్నాడు. "వాడు శరభాంకుడు." రెండో పాయ విప్పాడు.

ఇరవై పొగ రాబందులు లేచాయి. రెక్కలు తాటాకులంత, ముక్కులు కొడవళ్ళంత. మొదటిది రంభ వీపు మీది జెండా మీదికి దూకింది. శరభాంకుడి దగ్గర కత్తి లేదు. నలభై రోజులుగా బట్ట పిండిన చేతులు మాత్రం ఉన్నాయి. మెడలోకి జారిన తలగుడ్డను తాడులా మెలిపెట్టి తిప్పి కొట్టాడు. రాబందు మెడ విరిగి పొగై చెదిరింది.

"బండ మీద కూడా అట్టా కొట్టుంటే బాగుండేది," అంది చెంగల్వ, చౌడు సంచి మూతి విప్పుతూ. గాలి వాలు చూసి పిడికెళ్ళతో చల్లింది. చౌడు పడ్డ కన్ను రాబందుదైనా మంత్రిదైనా ఒకటే. పక్షులు ఒకదాన్నొకటి పొడుచుకుని కరిగిపోయాయి.

దారి ఇరుకైంది. ఒక వైపు కొండ, ఒక వైపు ఏమీ లేదు. మలుపులో లోయ మీద కొయ్య వంతెన ఉంది. వాళ్ళు పది అడుగుల దూరంలో ఉండగా మూడో పాయ పిడుగై పడింది. వంతెన బొగ్గయి లోయలో రాలింది.

"చీరలు ముడేద్దాం," అంది చెంగల్వ. మూట విప్పి రాణివాసం చీరలు కొంగుకు కొంగు కట్టసాగారు. రంభకు అవతల చౌడు వాసన తగిలింది. అది ఎవరినీ అడగలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి, జెండాతో సహా దూకింది. అవతల ఒడ్డున నిలబడి, వీళ్ళనూ ముళ్ళనూ చూసి, నాలుగు కాళ్ళ మీదా స్థిరంగా ఓండ్ర పెట్టింది.

"అది మనల్నే అంటోంది," అన్నాడు శరభాంకుడు.

"నిన్నే. నేను దానికి మేత వేస్తాను."

చీరల తాడును పైనున్న చెట్టు కొమ్మకు విసిరి ఇద్దరూ ఊగి దాటారు. తాడు విప్పి వెంట తెచ్చుకున్నారు. రేవు మనిషి బట్టను ఎక్కడా వదలడు.

మేఘం పొర చల్లగా, మసిగా ఉంది. అందులోంచి తల బయట పెట్టగానే బంగారు వెలుగు మీద పడింది. కాళ్ళ కింద మేఘం నల్లని సముద్రంలా పరుచుకుంది. ఆ సముద్రం నడుమ సూదికొండ కొన ఒక్క రాతి దీవిలా తేలుతోంది. దాని మీద తెల్లని చౌడు పొరలు మంచులా మెరుస్తున్నాయి. పైన ఏ అడ్డూ లేని వైశాఖపు ఎండ. పొద్దు ఇంకా ఒక జాము ఉంది.

జెండాను నున్నని రాతి మీద పరిచారు. శరభాంకుడు ఆత్రంగా రెండు చేతులా రుద్దబోయాడు. చెంగల్వ అతడి చేతి మీద కొట్టింది.

"రుద్దితే మరక లోపలికి పోద్ది. తడి ఆరకుండా ఆ రాతి గుంట నీళ్ళు చల్లు. గడియకోసారి తిరగెయ్యి. ఎండ పని ఎండను చెయ్యనీ."

"మా నాన్న కాలు గుమ్మం దగ్గరుంది."

"ఎండకు ఆ సంగతి చెప్పినా తొందరపడదు. నీళ్ళు చల్లు."

చల్లాడు. తిరగేశాడు. మళ్ళీ చల్లాడు. బంగారు రంగు గడ్డి రంగైంది. గడ్డి రంగు మీగడ రంగైంది. అంచుల నుంచి మొదలై తెలుపు నడుముకు పాకింది. రాతి గుంటలోని వాన నీళ్ళలో మూడు సార్లు జాడించారు. ఉతుకులో సగం జాడింపే. పిండి దులిపేసరికి జెండా పావురం రెక్కలా చప్పుడు చేసింది. మచ్చ లేదు.

సూర్యుడు పడమటి కొండల మీద ఒక్క మూరెడు ఎత్తున ఉన్నాడు. వంతెన లేదు. నడిచి దిగే వేళ లేదు.

శరభాంకుడు చీరల తాడును చూశాడు. రేవులో దండేల మీద ఉబ్బే చీరలు గుర్తొచ్చాయి. "వీటికి గంజి ఎవరు పెట్టారు?"

"నేనే. చిక్కని గంజి. రాణిగారికి చీర గరగరలాడాలి."

"గాలి పడుతుందా?"

చెంగల్వకు అర్థమైంది. "పట్టకపోతే రాణిగారికి జవాబు చెప్పే బాధ ఉండదు."

ఎనిమిది చీరలు గొడుగులా ముడివేశారు. చివరలు నడుములకు కట్టుకున్నారు. జెండా శరభాంకుడి చేతిలో ఉంది. ఇద్దరూ పరిగెత్తి అంచు మీంచి దూకారు. ఒక్క క్షణం రాళ్ళలా పడ్డారు. తర్వాత ఎనిమిది చీరలూ ఒక్కసారిగా ఉబ్బాయి.

కింద కోట సింహద్వారం దగ్గర ఊరంతా నిలబడి ఉంది. ధవళసేనుడు కట్టుబట్టతో, ఉత్తకాళ్ళతో గడప ముందుకు వచ్చాడు. కంకాళుడు సింహాసనం మెట్టు మీద ఒక పాదం పెట్టి చూస్తున్నాడు. రాజు కుడికాలు ఎత్తాడు.

నల్లని మేఘం చిరిగింది. అందులోంచి మొదట తెల్లని జెండా దిగింది. దాని వెనక ఎరుపూ నీలమూ చిలకపచ్చా కలిసిన పెద్ద పువ్వు, పువ్వు కింద ఇద్దరు మనుషులు దిగారు. చిరుగులోంచి ఆఖరి ఎండ జారి జెండా మీద పడింది. కళ్ళు జిగేలుమన్నాయి. వాళ్ళు బురుజు మీద పడి, దొర్లి, లేచి, జెండాను స్తంభానికి ఎగరేశారు.

ఎత్తిన కాలు రాజు గడపకు ఇవతలే దించాడు.

ఊరు ఊరంతా ఒక్క గొంతై అరిచింది. డప్పులు మోగాయి. మంత్రి గుణనిధి ఎర్ర మరక ఉత్తరీయంతోనే గంతులేశాడు. కంకాళుడు మెట్టు మీది పాదం తీసి, నాలుగు పాయల జడ విదిలించి, పొగై గోడ దాటాడు.

రాజు కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని బురుజు వైపు చూశాడు. ఆ నిలబడ్డ తీరు ఎవరిదో తెలుసు, తెలుసని పైకి అంటే తల తీయాలి. "ఎవరు ఆ యువకుడు?"

"మా రేవు పిల్లాడు మహారాజా," అంది ముత్తెవ్వ. "చేతిలో కాస్త వాటం వచ్చింది. బాన నింపడం ఇంకా రాలేదు."

రాజు ఆమె వైపు తిరిగాడు. "నేర్పు," అన్నాడు. "నేర్చాక నా దగ్గరికి పంపు. తల తీస్తానన్న మాట నేనే ఉతికేసుకుంటాను."

బురుజు మీద చెంగల్వ నవ్వడం లేదు. జెండా అంచు మడత విప్పి పట్టుకుని ఉంది.

"ఇటు చూడు. రేవుకు వచ్చే ప్రతి బట్టకూ మూల మీద నల్లజీడి గింజ రసంతో గుర్తు పెడతాం. ఎన్ని ఉతుకులకూ పోదు. మా రేవు గుర్తు మూడు చుక్కలు. ఇందులో ఏముంది?"

అంచు మూల మీద, తెల్లటి బట్టలో నల్లగా, చిన్న తేలు బొమ్మ ఉంది.

"వేరే రేవు బట్ట ఇది," అంది ఆమె. "మన జెండా కాదు. ఉతికే నెపంతో కంకాళుడు మొదటి ఏడే మార్చేశాడు. దేవత జెండా వాడి దగ్గరే ఉంది."

శరభాంకుడు మూలను మడిచి, స్తంభం ముడిలోకి దోపాడు. కింద ఊరు ఆడుతోంది. తండ్రి కాలు కోటలో ఉంది. ఈ పూటకు తెలుపు చాలు. "తేలు గుర్తు ఏ రేవుది?"

"ఎప్పుడూ చూడలేదు. వాడి పొగ పోయింది పడమటకు, అటు రేవే లేదంటారు. ఊరే లేదంటారు."

చిరిగిన మేఘం ఇంకా విచ్చుకుంది. సూదికొండ కొన మీద, ఎర్రటి ఆకాశం ముందు, రంభ నిలబడి ఉంది. కాళ్ళ కింద కావలసినంత చౌడు ఉన్నా నాకడం లేదు. ముక్కు ఎత్తి గాలి పీల్చింది. మనుషులు లేరనే పడమటి అడవుల వైపు, కంకాళుడి పొగ పోయిన వైపు, రెండు చెవులూ నిక్కించింది. తర్వాత కొండ అవతలి వాలు పట్టి నింపాదిగా దిగిపోయింది.

"దానికి ఏదో రేవు వాసన తగిలింది," అంది చెంగల్వ.

శరభాంకుడు అప్పటికే చీరల ముళ్ళు సరిచూస్తున్నాడు.